ముల్లు కదలని రోజులు

మా తమ్ముడి కూతురు డైటీషియన్‌గా ఉద్యోగంలో చేరింది. చేరిన కొన్నాళ్లకే ఫోన్ చేసి, "అత్తా, బరువు తగ్గుతూ తగ్గుతూ మధ్యలో ఆగిపోయినవాళ్లకి నువ్వేం చెప్పేదానివి? నా దగ్గర అందరూ సరిగ్గా అక్కడే మానేస్తున్నారు," అని అడిగింది. వాళ్ల పుస్తకాల్లో ఆ దశకు ఏదో ఇంగ్లీషు పేరుందట. మా రోజుల్లో దానికి పేరు లేదు. తూకం మిషనుకు గుండ్రటి అద్దం, అద్దం కింద ఒక ముల్లు ఉండేవి కాబట్టి "ముల్లు నిలబడింది" అనుకునేవాళ్లం.

ఫోన్లో దానికి నాలుగు ముక్కలు చెప్పి పెట్టేశాను. చెప్పినవి నాకే చప్పగా అనిపించాయి. అందుకని తీరిగ్గా కూర్చుని ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లతో, చివరిరోజు కప్పిన శాలువాతో ఎవరికీ పని లేదు. ముల్లు నిలబడ్డ వారాల్లో మనుషులు ఎలా ఉంటారో, వాళ్ల ముందు మనం ఎలా ఉండాలో మాత్రం ఏ క్లాసులోనూ చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు.

పథ్యం అమ్మగారు

హోంసైన్సు చదివి, ఎనభైల మధ్యలో తెనాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. మా నాన్న లూథరన్ స్కూల్లో టీచరు. "అన్నం తగ్గించమని చెప్పడానికి డిగ్రీ ఎందుకే? మీ నాయనమ్మ ఏ డిగ్రీ లేకుండానే మమ్మల్ని పస్తులుంచింది," అని నవ్వేవాడు. ఊళ్లోవాళ్ల సందేహమూ అదే. ఈవిడ డాక్టరు కాదు, నర్సు కాదు, సూది వెయ్యదు, మాత్ర ఇవ్వదు, మరి ఈవిడ దగ్గరికి పోవడం దేనికి? చివరికి వాళ్లే ఒక పేరు పెట్టుకున్నారు. పథ్యం చెప్పే మనిషిని కాబట్టి పథ్యం అమ్మగారిని అయ్యాను. నాకూ ఆ పేరు బాగానే అనిపించింది.

వారంలో ఎక్కువ రోజులు తెనాలిలోనే. మంగళవారం రేపల్లె, గురువారం బాపట్ల. రెండు చోట్లా మందుల షాపు వెనక ఒక గది, అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, మూల తూకం మిషను. పొద్దున్నే పాసింజరులో వెళ్లి సాయంత్రానికి ఇంటికి వచ్చేదాన్ని.

మా వైపు పథ్యం చెప్పడం అంత తేలిక కాదు. మూడు పూటలా తెల్లన్నం తినే డెల్టా ఇది. రాగిసంకటి తినమంటే "మాకేం ఖర్మ అండి" అనేవాళ్లు. కొల్లూరు లంకల నుంచి అరటిగెలలు దిగే రోజుల్లో "పండే కదండి, పండు కూడా లెక్కేనా" అని అడిగేవాళ్లు. ఆవకాయలో ఉన్నది నూనె కాదనీ, ఊట అనీ నాతో వాదించినవాళ్లున్నారు. అయినా ఏం తినాలో చెప్పడం ఈ ఉద్యోగంలో చిన్న పని. పావుగంటలో అయిపోతుంది. మొదటి నెలా రెండో నెలా ముల్లు దానంతటదే దిగుతుంది, మనకు మంచి పేరూ వస్తుంది. అసలు ఉద్యోగం ఆ తర్వాత మొదలవుతుంది. పోయినవారం ఎంత ఉన్నాడో ఈ వారమూ అంతే ఉన్న మనిషి మిషను దిగి, చెప్పులు తొడుక్కుంటూ మన మొహంలోకి చూస్తాడు. అప్పుడు మనం ఏం మాట్లాడతామన్నదే ఉద్యోగం.

డాక్టరుగారి మాట

మా పెద్ద డాక్టరుగారు సర్జను. ఆయన హస్తవాసి మంచిదని చుట్టుపక్కల ఊళ్లన్నిటా పేరు. మాట మాత్రం కటువు. లేనివాళ్ల దగ్గర ఫీజు తీసుకోకుండా, ఆ తీసుకోని ఫీజుకు సరిపడా తిట్టి పంపేవారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది, ఆయన దగ్గర నేర్చుకుని తర్వాత వదిలించుకున్నదీ కొంత ఉంది.

ఆయనకో సూత్రం ఉండేది. "ముల్లు ఆగిందంటే నోరు ఆగలేదన్నమాట." వినడానికి బాగుంటుంది కాబట్టి ఆసుపత్రిలో అందరి నోటికీ పట్టింది. కాంపౌండరు అనేవాడు, ఆయా అనేది. కొత్తలో నేనూ అన్నాను.

మనుషులు దొంగచాటుగా తినరని కాదు. తింటారు. ఒకాయన నా గదిలో బుద్ధిగా తల ఊపి, బయటికి వెళ్లి ఎదుటి బండి దగ్గరే మిరపకాయ బజ్జీలు తింటూ, నన్ను చూసి పొట్లం వీపు వెనక దాచుకున్నాడు. అలాంటివాళ్లను చూస్తే నాకు నవ్వొచ్చేది, కోపం రాలేదు. కానీ ముల్లు ఆగిన ప్రతి మనిషీ దొంగ కాదు. ఒళ్లు తేలికయ్యేకొద్దీ దానికి కావలసిన తిండీ తగ్గుతుంది. మొదట్లో తక్కువనిపించిన గిన్నె అన్నమే కొన్నాళ్లకు ఆ ఒంటికి సరిపోయే అన్నం అవుతుంది. మనిషి చెప్పినట్టే చేస్తుంటాడు, ముల్లు కదలదు. ఆ సమయంలో నువ్వు దొంగవంటే, అతను చేసిన కష్టమంతా ఒక్క మాటతో బూడిదలో పోసిన పన్నీరే.

ప్రకాశరావు మాస్టారని తెనాలిలో లెక్కల టీచరు ఉండేవారు. చక్కెర జబ్బు, పెద్ద శరీరం. రెండు నెలల్లో బాగా తగ్గారు. డాక్టరుగారు ఆయన్ని హాల్లో నిలబెట్టి, "ఈయన్ని చూసి నేర్చుకోండి," అని మిగతా పేషెంట్లకు చూపించారు. మాస్టారు ఆరోజు చొక్కా సర్దుకుంటూ పెళ్లికొడుకులా నవ్వారు. తర్వాత ముల్లు ఆగింది. ఒక నెల చూసి, అదే హాల్లో, అదే జనం ముందు డాక్టరుగారు తన సూత్రం చెప్పారు. ఆ బెంచీల మీద మాస్టారి దగ్గర చదివే పిల్లల తల్లిదండ్రులున్నారు. మాస్టారు గొడుగు తీసుకుని వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. తర్వాత ఎప్పుడో మార్కెట్లో కనిపించారు. నన్ను చూడగానే సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని పక్కసందులోకి తిరిగారు. సంచిలో ఏముందో నాకు తెలియదు, ఏముంటే మాత్రమేం? నన్ను చూసి తప్పుకోవలసిన అవసరం ఆయనకు కలిగింది. ఆ బాధ నాకు చాలాకాలం పోలేదు.

మనిషిని నలుగురిలో పొగడకు. నలుగురిలో ఎక్కించినవాణ్ణి నలుగురిలోనే దించాల్సి వస్తుంది. తిట్టడం సంగతి వేరే చెప్పక్కర్లేదు.

రేపల్లె తోడికోడళ్లు

రేపల్లెలో షరీఫా, మెహరున్నీసా అని ఇద్దరు తోడికోడళ్లు ఒకే రిక్షాలో వచ్చేవాళ్లు. ఇంట్లో ఒకరితో ఒకరికి ఎన్ని తగువులున్నాయో గానీ, మిషను దగ్గర మాత్రం ఒక్కమాట. ఒకామె ముల్లు ఆగిన వారం రెండో ఆమెది దిగేది. దిగినామె ఆగినామెను వెక్కిరించేది, ఆ పంతంతో ఆమె మళ్లీ వారం వచ్చేది. రంజాను నెల తర్వాత ఇద్దరికీ పెరిగింది. పగలంతా ఉపవాసముండి ఎలా పెరిగారమ్మా అంటే షరీఫా తడుముకోకుండా, "ఈ నెల పెరిగింది పుణ్యం బరువమ్మా, దాన్ని మీరు తియ్యొద్దు," అంది. ఇద్దరూ రెండేళ్లు వచ్చారు. అంత నిలకడగా వచ్చినవాళ్లు నాకు మరి లేరు.

ఒంటరిగా వచ్చే మనిషికి ఇంట్లోంచి ఎవరో ఒకరిని వెంట తెచ్చుకోమని చెప్పడం నేను వాళ్లను చూశాకే మొదలుపెట్టాను. తోడు వచ్చిన మనిషి పథ్యం చేయకపోయినా ఫరవాలేదు. రిక్షాలో పక్కన కూర్చుంటే చాలు.

రాఘవమ్మ

ఇక అసలు సంగతి. రాఘవమ్మ చీరాల పక్కన పేరాల నేతవాళ్ల మనిషి. నలభై దాటింది, బొద్దుగా ఉండేది, మాట తక్కువ. బొడ్డు పక్కన హెర్నియా వచ్చింది. పడుకుని చేత్తో నొక్కితే లోపలికి పోయేది, లేచి దగ్గితే నిమ్మకాయంత బయటికి వచ్చేది. తెనాలి వచ్చి డాక్టరుగారికి చూపించుకుంది. ఆయన చూసి, "ఇంత పొట్ట మీద కుట్లు నిలవవు. మత్తివ్వడం కూడా ప్రమాదమే. బరువు దించుకునిరా, కోస్తాను," అని ఒక అంకె చెప్పారు. "ఈలోగా అది గట్టిపడి లోపలికి పోకుండా నొప్పి పుట్టి వాంతులైతే మాత్రం ఆలోచించొద్దు, రైలెక్కి వచ్చెయ్యి," అని కూడా చెప్పారు. పేరాలకు బాపట్ల దగ్గర కాబట్టి నా గురువారం గదికి పంపించారు.

వాళ్ల ఇంట్లో రెండు గుంట మగ్గాలు. ఒకటి ఆమె భర్త సుబ్రహ్మణ్యానిది, రెండోది ఆమెది. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి, గట్టున కూర్చుని నేయాలి. నేసిన గుడ్డ ఒడి దగ్గరున్న కర్రకు చుట్టుకుంటుంది. నేసేకొద్దీ ఆ చుట్ట లావై పొట్టకు ఒత్తుకుంటుంది. సరిగ్గా అక్కడే ఆమె హెర్నియా. పెళ్లయినప్పటి నుంచి కూర్చున్న మగ్గం దగ్గర ఇప్పుడు ఒక చేత్తో పొట్ట పట్టుకుని కూర్చోవలసి వచ్చింది.

"రాత్రిళ్లు దాని మీద చెయ్యేసుకుని పడుకుంటానండి," అంది మొదటిరోజు. "తెల్లారి లేచి లోపలికి పోయిందా లేదా అని చూసుకుంటానండి. ఒక పొద్దుట పోకపోతే ఏంటండి నా గతి?"

ఆమె నా దగ్గరికి వచ్చింది సన్నబడదామని కాదు. ఆ అంకె దాటి ఆపరేషను బల్ల ఎక్కుదామని వచ్చింది. నేనిది ఎప్పుడూ మరిచిపోలేదు, డాక్టరుగారు ఒక్కోసారి మరిచిపోయేవారు.

మొదటి మూడు నెలలు ముల్లు బాగానే దిగింది. ఆమె వెంట అత్తగారు వచ్చేది. అరవై దాటిన మనిషి, వెదురు పుల్లలా ఉండేది, మాటకు మాట అప్పజెప్పేది. ఆ అంకె ఇంకా నాలుగు కిలోల దూరంలో ఉందనగా ముల్లు ఆగింది. ఒక గురువారం, రెండు గురువారాలు, నెల, నెలన్నర. నేను అన్నం కొంచెం తగ్గించాను, కూర పెంచాను, నూనె చూసుకోమన్నాను. కదల్లేదు.

నెలకొకసారి డాక్టరుగారికి చూపించాలి. ఆ నెల తెనాలి వచ్చారు. ఆయన నా కాగితం చూసి, అత్తగారి వైపు తిరిగి, "ముల్లు ఆగిందంటే నోరు ఆగలేదన్నమాట. ఇంట్లో ఎక్కడో దొంగతిండి తింటోంది, కనిపెట్టండి," అన్నారు. రాఘవమ్మ తల వంచుకుంది. అత్తగారు మాత్రం ఆయన్ని ఎగాదిగా చూసింది.

"మా కోడలు దొంగ కాదండి," అంది.

అంతే. కోడలి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లింది.

అత్తగారి పంతం

ఆ ముసలావిడ ఇంటికి వెళ్లి ఏం చేసిందో నాకు రెండు మూడు వారాల తర్వాత తెలిసింది. కోడలి ఎదురుగా పీట వేసుకుని, కోడలికి చెప్పిన పథ్యమే తానూ తినడం మొదలుపెట్టింది. అదే గిన్నె అన్నం, అదే మజ్జిగ, అవే ఉడకేసిన కూరలు. తన కోడలు తినేదేదో తానూ తిని, అది దొంగతిండి కాదని డాక్టరుగారికి రుజువు చూపిస్తుందన్నమాట. ఒక గురువారం ఆవిడ రవిక భుజాల మీంచి జారుతుండటం చూసి అడిగితే బయటపడింది.

"ఏంటి పెద్దమ్మా, నువ్వు చిక్కిపోయావేంటి?"

"నాకేం లేదమ్మా. మీరు చెప్పిన పత్యం నేనూ చేస్తన్నాను. చూడండి, నాకు తగ్గింది. దానికి తగ్గట్లేదు. మరి ఇద్దరం ఒకటే తింటన్నాం. దొంగతిండి ఏదండి?"

నాకు మొదట నవ్వొచ్చింది, వెంటనే భయం వేసింది. తగ్గాల్సిన మనిషి తగ్గలేదు, తగ్గకూడని మనిషి తగ్గింది. ఇద్దరూ ఒకే తిండి తింటున్నారు. తేడా తిండిలో లేదని మాత్రం ఆ బల్ల దగ్గరే తేలిపోయింది. ఎక్కడుందో బాపట్ల గదిలో కూర్చుంటే తెలిసేట్టు లేదు.

ఆ తర్వాతి గురువారం తెల్లవారుజాము రైలెక్కి, బాపట్లలో దిగకుండా చీరాల దాకా వెళ్లి, రిక్షాలో పేరాల చేరాను. నేతవాళ్ల వీధి అప్పటికే లేచి ఉంది. వీధి పొడుగునా పడుగు, అంటే మగ్గానికెక్కే నిలువు దారాలు, చాపి గంజి పట్టిస్తున్నారు. నూలుకు గంజి పూసి, పెద్ద కుంచెతో దువ్వుతూ ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తూనే ఉండాలి. ఎండ ముదిరేలోగా అయిపోవాలి కాబట్టి నెమ్మదిగా నడిచే పని కాదు. ఆ పడుగు పక్కన చెమటలు కక్కుకుంటూ నడుస్తున్నది ఆ అరవై దాటిన అత్తగారు. రాఘవమ్మ అరుగు మీద చాప వేసుకుని, రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది.

"ఆ పని నీదా, ఆవిడదా?" అన్నాను రాఘవమ్మతో.

"నాదేనండి. పత్యం మొదలెట్టినప్పటి నుంచి చెయ్యనివ్వట్లేదండి. నీళ్లు కూడా తేనివ్వదు."

నన్ను చూసి అత్తగారు కుంచె పక్కనబెట్టి వచ్చింది. విషయం అడిగితే నా అమాయకత్వానికి జాలిపడ్డట్టు చూసింది. "పత్యం చేసే మనిషిని ఎండలో నడిపిస్తారా అమ్మా? మా ఇంటా వంటా లేదు. బాలింతకి ఎట్టాగో దీనికీ అట్టాగే. కూచోబెట్టి చూసుకుంటన్నాం."

అప్పుడు అర్థమైంది. మా వైపు పథ్యం అంటే ఉత్త తిండి కాదు. పథ్యంలో ఉన్న మనిషి చన్నీళ్లలో చెయ్యి పెట్టకూడదు, బరువు ఎత్తకూడదు, ఎండ తగలకూడదు. పురిటి పథ్యమైనా, కామెర్ల పథ్యమైనా అంతే. నేను గర్వంగా మోస్తున్న ఆ పేరే వీళ్లింట్లో ఆమెను అరుగు మీద కూర్చోబెట్టింది. తిండి తగ్గించాను, వాళ్లు దానికి తగ్గట్టుగా పనీ తగ్గించారు. మొదట్లో తగ్గిన తిండి వల్ల ముల్లు దిగింది, తర్వాత ఒళ్లు ఆ విశ్రాంతికి అలవాటు పడింది. ఇందులో ఎవరి దొంగతనమూ లేదు. ఉన్నదంతా ఆ ముసలావిడ ప్రేమే, దాన్ని ఆవిడ తన కాళ్లతో మోస్తోంది.

"పెద్దమ్మా, ఈ పథ్యంలో నడకే మందు. రోజూ పొద్దున ఆ పడుగు పక్కన రాఘవమ్మే నడవాలి. పొట్టకు గుడ్డ పట్టీ కట్టుకుని నడవమను, బరువులు మాత్రం ఎత్తొద్దు. నువ్వు ఇవాళ్టి నుంచి పథ్యం మానేసి కడుపు నిండా తిను."

"మందంటే సరే అమ్మా," అంది, ఇష్టం లేకుండానే. "నేను మానను గానీ. ఆయన దొంగ అన్నాడు గదా. అది తేలేదాకా ఇంతే."

ఆ వేసవి

సినిమా అయితే వచ్చే గురువారానికే ముల్లు దిగి ఉండేది. దిగలేదు. ఆ తర్వాతి గురువారమూ దిగలేదు. అత్తగారు "చూశారా" అన్నట్టు నా వైపు చూసేది. పడుగు పక్కన నడవడం మొదలుపెట్టాక రాఘవమ్మ కాళ్లు గట్టిపడ్డాయి, మొహంలో నీరు తగ్గింది, మిషను మాత్రం మొండికేసింది. ఒళ్లు అలా చేస్తుందని ఇప్పుడు నాకు తెలుసు. కొవ్వు పోయేచోట పోతూ, కండ పట్టేచోట పడుతూ, అంకెను ఉన్నచోటే ఉంచుతుంది. అప్పుడు అంత ధైర్యంగా చెప్పడానికి నా దగ్గర అనుభవం లేదు.

అది పాడు వేసవి. బాపట్ల గదికి మనుషులు రావడం తగ్గిపోయింది. కొందరు ముల్లు ఆగి మానేశారు, కొందరు ఎండకు మానేశారు. ఒక్కో గురువారం రాఘవమ్మా వాళ్ల అత్తగారూ తప్ప ఎవరూ ఉండేవారు కాదు. ఆ గది ఎత్తేద్దామని డాక్టరుగారు రెండుసార్లు అన్నారు. మధ్యలో ఒక పొద్దుట రాఘవమ్మకు హెర్నియా లోపలికి పోవడానికి చాలాసేపు పట్టింది. ఇల్లంతా వణికిపోయి, రైలు సమయం కనుక్కోవడానికి సుబ్రహ్మణ్యం స్టేషనుకు పరుగెత్తాడట. అతను తిరిగొచ్చేలోగా అది సర్దుకుంది. ఆ వారం ఆమె గదిలోకి వచ్చి, పొట్ట మీంచి చెయ్యి తీయకుండానే కూర్చుంది.

అప్పుడు నేను చేసింది ఒకటే. మిషను మీద ఒక పాత దుప్పటి కప్పాను. కొన్నాళ్లు తూకం వద్దన్నాను. నడుస్తుంటే ఆయాసం ఎలా ఉంది, నిద్ర ఎలా ఉంది, గుంటలోంచి పైకి లేవడానికి ఎవరైనా చెయ్యి ఇవ్వాలా, మగ్గం దగ్గర ఎంతసేపు కూర్చోగలుగుతున్నావు — ఇవి అడిగేదాన్ని. ఇది గొప్ప పద్ధతని చెప్పను. ఆ ముల్లును చూసి చూసి నాకే విసుగొచ్చింది.

అలా అడుగుతుంటే ఒకరోజు ఆమె మామూలుగా అంది. "కర్ర తగలట్లేదండి ఈమధ్య."

"ఏ కర్ర?"

"గుడ్డ చుట్టుకునే కర్రండి. ఇదివరకు రెండో చీర మొదలెట్టేసరికి చుట్ట లావై పొట్టకి ఒత్తుకునేదండి. నొప్పికి ఓర్చుకోలేక గుడ్డ కోసేసి మళ్లీ చుట్టుకునేదాన్ని. మొన్న మూడో చీర అయ్యేదాకా కోయలేదండి. అసలు గుర్తే రాలేదు."

చెప్పి ఆమె మజ్జిగ గురించి ఇంకేదో అడగబోయింది. నేను వినిపించుకోలేదు. కర్ర ఉన్నచోటే ఉంది, ఆమె కూర్చునే గట్టు ఉన్నచోటే ఉంది. వెనక్కి జరిగింది పొట్టే. డాక్టరుగారికి కావలసిందీ అదే కదా. ఆయన బరువు దించమన్నది ఆ పొట్ట మీద కుట్లు నిలవాలనే.

డాక్టరుగారి చెయ్యి

మర్నాడు ఆయన గదిలోకి వెళ్లి చెప్పాను. ఆయన చేతులు కడుక్కుంటూ విన్నారు.

"అంకె దిగిందా?"

"లేదండి."

"మరి?"

"ఒకసారి చెయ్యి పెట్టి చూడండి సార్. ముల్లుకేసి కాదు, ఆమెకేసి చూడండి."

"నీకు పేషెంటు మీద ప్రేమ ఎక్కువైందమ్మాయ్," అన్నారు. కానీ రమ్మనమన్నారు. కటువైన మనిషే గానీ మూర్ఖుడు కాదు. ఈ ఉద్యోగంలో నేను పనిచేసిన పెద్దవాళ్లలో చాలామంది తియ్యగా మాట్లాడారు, ఒక్కమాటా మార్చుకోలేదు. ఈయన తిట్టేవారు, తర్వాత చూసేవారు. నీకు ఎంచుకునే వీలుంటే ఇలాంటివాళ్ల దగ్గరే పనిచెయ్యి.

రాఘవమ్మ, అత్తగారు, సుబ్రహ్మణ్యం ముగ్గురూ వచ్చారు. ఆయన ముందు రాఘవమ్మను పైఅంతస్తు దాకా మెట్లెక్కించి దింపారు. తర్వాత బల్ల మీద పడుకోబెట్టి, దగ్గమన్నారు, తల ఎత్తమన్నారు, కాళ్లు ఎత్తమన్నారు. చెయ్యి పొట్ట మీదే ఉంచి చాలాసేపు నొక్కి నొక్కి చూశారు.

"పొట్ట వదులైంది. కింద కండ కూడా పట్టింది," అన్నారు చివరికి. "కుట్టు నిలుస్తుంది. మత్తు డాక్టరుతో మాట్లాడి రోజు చెబుతా."

రాఘవమ్మ బల్ల మీద లేచి కూర్చుని చీర కుచ్చిళ్లు సర్దుకోవడం మొదలుపెట్టి, సర్దుకోలేక ఏడ్చేసింది. అత్తగారు గోడ పక్కన నిలబడి ఉంది. డాక్టరుగారు ఆవిడ వైపు తిరిగి కాసేపు చూశారు. ఆరోజు అన్న మాట ఆయనకు గుర్తుందో లేదో నాకు తెలియదు. "మీరేంటి ఇలా అయిపోయారు?" అన్నారు. నేను చెప్పాను, మొత్తం. ఆయన వినగానే లేచి, తన బీరువాలోంచి టానిక్ సీసాలు రెండు తీసి, స్వయంగా ఆవిడ చేతిలో పెట్టారు. "రెండుపూటలా తాగండి. అన్నం తినండి. కోడలి పక్కన ఉండాల్సింది మీరే," అన్నారు. ఆయన నోటినుంచి క్షమాపణ అంతకంటే ఎక్కువ రాదు. ఆవిడకు అది సరిపోయింది. సీసాలు కొంగున కట్టుకుని, "సరేనండి," అంది.

ఆ తర్వాత డాక్టరుగారు ఆ సూత్రం వాడటం మానేశారని చెబితే అబద్ధం. వాడేవారు. కాకపోతే అనేముందు నా గదిలోకి తొంగి చూసి, "ఈయన ఇంట్లో ఏం పని చేస్తాడో కనుక్కున్నావా?" అని అడిగేవారు.

ఆపరేషను బాగా జరిగింది. కుట్లు నిలిచాయి.

చివరగా

మనం చెప్పే మాటలే వాళ్లను నిలబెడుతున్నాయని ఈ ఉద్యోగంలో అందరికీ ఒక భ్రమ ఉంటుంది. నాకూ ఉండేది. ముల్లు కదలని ఆ వేసవిలో రాఘవమ్మకు నేను చెప్పిన ధైర్యం ఇంతా అంతా కాదు. ఒళ్లు బావి లాంటిదనీ, కొంత తవ్వాక రాయి తగులుతుందనీ, ఆగకుండా తవ్వాలనీ ప్రతి గురువారం ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఆమె శ్రద్ధగా తల ఊపేది. ఆ మాటలే పనిచేశాయనుకున్నాను.

కుట్లు మాని, మళ్లీ మగ్గం దగ్గర కూర్చున్నాక ఒక గురువారం ఆమె ఒక్కతే బాపట్ల గదికి వచ్చింది. అత్తగారు పంపిందని గోంగూర పచ్చడి సీసా బల్ల మీద పెట్టింది. ఇక రానక్కర్లేదని చెప్పాను. సరేనంది, అయినా కాసేపు కూర్చుంది. నాకు ఎప్పటి నుంచో అడగాలని ఉంది.

"రాఘవమ్మా, అన్ని వారాలు ఏమీ తగ్గలేదు. అందరూ మానేశారు. నువ్వెందుకు మానలేదు? ఆపరేషను భయమేనా?"

ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ ఆలోచించింది.

"భయం ఉందండి. కానీ మధ్యలో మానేద్దామనే అనుకున్నానండి. మా ఆయన కూడా చాల్లే, ఎన్నాళ్లు తిరుగుతావు అన్నాడు. మా అత్తే ఒప్పుకోలేదండి. ఆ అమ్మ పొద్దున్నే తెనాలి నుంచి రైలెక్కి వస్తది, గదిలో ఎవరూ ఉండట్లేదు, మనం కూడా పోకపోతే సాయంత్రం దాకా ఒక్కతే కూచుని ఏ మొహం పెట్టుకుని ఇంటికి పోద్ది అంది. నిజమే గదా అనిపించిందండి. అందుకని వచ్చేవాళ్లం."

చెప్పి, బస్సు వేళైందని లేచి వెళ్లిపోయింది.

ఆ వేసవి నేనూ ఈ ఉద్యోగం మానేద్దామనే అనుకున్నాను. అప్పటికి ఆ సంగతి మా ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.